కంటి వెనక దారి తప్పిన నెత్తురు

పుసి కట్టడం లేదు. దురద లేదు. పొద్దున లేస్తే రెప్పలు అంటుకుపోవడమూ లేదు. అయినా కన్ను ఎర్రగానే ఉంది. కళ్ళకలకకు ఇచ్చిన చుక్కల మందు ఒక సీసా అయిపోయి రెండోది మొదలైంది, ఎరుపు మాత్రం కదల్లేదు. అలాంటి కంటిని స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగు వేసి కంటిని పెద్దదిగా చూపే పరికరం) ముందు పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. కళ్ళకలకలో ఎరుపు అంతా కలిసిపోయి పులిమినట్టు ఉంటుంది. రెప్ప లోపలి వైపు ఎక్కువ, నల్లగుడ్డు దగ్గరికి వచ్చేసరికి తక్కువ. ఇక్కడ అలా కాదు. తెల్లగుడ్డు మీద ఒక్కో నాళాన్నీ విడిగా లెక్కపెట్టొచ్చు. లావుగా ఉబ్బి, మెలికలు మెలికలుగా తిరిగి, నల్లగుడ్డు అంచుదాకా వచ్చి ఆగుతాయి. నాళానికీ నాళానికీ మధ్య తెలుపు తెలుపుగానే ఉంటుంది. బిరడా తీసే మెలి కడ్డీని తలపిస్తాయి కాబట్టి కంటి డాక్టర్లు వీటిని కార్క్‌స్క్రూ నాళాలు అంటారు.

ఆ మెలికల నాళాలు సిరలు. వాటిలో పారుతున్నది మాత్రం ధమని నెత్తురు, అదీ ఎదురు దిక్కున. కంటిలోంచి బయటికి పోవాల్సిన దారిలో వెనకనుంచి నెత్తురు తోసుకొస్తోందన్నమాట. లోపం కంటిలో లేదు, దాని వెనక పుర్రె అడుగున ఉంది. కరోటిడ్-కేవర్నస్ ఫిస్టులా అనే ఈ జబ్బు గురించి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దారి తప్పిన నెత్తురు ఎటు పోతోంది? కన్ను ఎంత ఎర్రగా ఉందన్నది ఆ ప్రశ్నకు సగం జవాబు మాత్రమే. ఆ సగాన్నే పూర్తి జవాబు అనుకోవడం వల్ల జరిగే నష్టం చాలా ఉంది.

కంటి గూటికి వెనక, పిట్యూటరీ గ్రంథికి చెరో పక్కన ఒక సిరల గది ఉంటుంది. పేరు కేవర్నస్ సైనస్. కంటి నుంచి, మెదడులో కొంత భాగం నుంచి వచ్చే నెత్తురు ఇందులో చేరి, వెనకవైపు పెట్రోసల్ సైనస్‌లు అనే సిరల కాలువల గుండా మెడ సిరల్లోకి దిగిపోతుంది. అంతవరకు మామూలే. వింతల్లా ఆ గది నడుమ నుంచే మెదడుకు నెత్తురు తీసుకెళ్ళే పెద్ద ధమని, అంతర కరోటిడ్, వంకర తిరిగి పైకి పోవడం. ఒక ధమని సిరల గదిలోకి దూరి, దాన్ని దాటి బయటికి వచ్చే చోటు శరీరంలో ఇదొక్కటే. ధమనిలో సగటు ఒత్తిడి 90 మిల్లీమీటర్ల పాదరసానికి అటూ ఇటూ ఉంటుంది. చుట్టూ ఉన్న సిరలో అందులో పదో వంతు. రెంటికీ మధ్య అడ్డం ధమని గోడ ఒక్కటే. ఆ గోడకు చిల్లు పడినా, గది పొరల్లోని సన్నటి ధమని కొమ్మలు సిరలతో కలిసిపోయినా కరోటిడ్-కేవర్నస్ ఫిస్టులా ఏర్పడుతుంది. ఫిస్టులా అంటే ఉండకూడని చోట తెరుచుకున్న దారి.

1985లో న్యూరోసర్జన్ బారో, ఆయన సహచరులు ఈ దారుల్ని ఎ, బి, సి, డి అని నాలుగు రకాలుగా విడదీశారు. ఆ వర్గీకరణే ఇప్పటికీ వాడుకలో ఉంది. వైద్యుడి గదిలో మాత్రం కనిపించేవి రెండు తీరులే. ‘ఎ’ రకంలో కరోటిడ్‌కే నేరుగా చిల్లు పడుతుంది. తలకు దెబ్బ తగిలి పుర్రె అడుగు చిట్లినప్పుడు, ముఖ్యంగా రోడ్డు ప్రమాదాల్లో, కుర్రవాళ్ళలో ఎక్కువ. అక్కడ ధమని గోడ బుడగలా ఉబ్బి ఉన్నవాళ్ళకు ఆ బుడగ పగిలినా ఇదే జరుగుతుంది. నెత్తురు జోరుగా దూకుతుంది, కన్ను కొద్ది రోజుల్లోనే ముందుకు పొడుచుకొస్తుంది. మిగతా మూడు రకాల్లో చిల్లు కరోటిడ్‌కు కాదు, మెదడును కప్పి ఉంచే పొరకు నెత్తురు అందించే చిన్న కొమ్మలకు. ప్రవాహం నిదానం. ముట్లుడిగిన వయసు స్త్రీలలో, రక్తపోటు ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. దెబ్బ తగిలిందా అంటే తగల్లేదు, ఎప్పుడు మొదలైందంటే సరిగ్గా చెప్పలేరు. కళ్ళకలక కింద నెలల తరబడి మందులు వాడేది ఎక్కువగా వీళ్ళే.

మొదటి తీరుకు మూడు గుర్తులు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయాయి: నాడితో పాటు కదిలే కనుగుడ్డు, తెల్లగుడ్డు మీది పొర నీరు పట్టి ఉబ్బడం, తలలో హోరు. మూడోదే విచిత్రమైనది. పగలు నలుగురి మధ్య పెద్దగా తెలియదు. రాత్రి దిండు మీద తల ఆనించగానే గుండె కొట్టుకునే లయలోనే ఏదో బుస కొడుతున్నట్టు వినిపిస్తుంది. స్టెతస్కోప్ గంట వైపు మూసిన రెప్ప మీద ఆనిస్తే కొన్నిసార్లు డాక్టరుకూ వినబడుతుంది. నిదానంగా పారే రకంలో ఆ శబ్దం ఉండకపోవచ్చు. వినబడలేదు కాబట్టి జబ్బు లేదనడానికి వీల్లేదు.

1809లో లండన్‌లో బెంజమిన్ ట్రావర్స్ అనే సర్జన్ దగ్గరికి కన్ను పొడుచుకొచ్చి, తలలో హోరుతో బాధపడుతున్న ఒక స్త్రీ వచ్చింది. ఆయన మెడలోని కరోటిడ్ ధమనిని దారంతో కట్టేశాడు. ఆమె కోలుకుంది. అయితే జబ్బు కంటి గూటిలోనే ఉందని ఆయన అనుకున్నాడు. అసలు చోటు వెనకదని తర్వాతి తరాల శవపరీక్షల్లో గానీ తేలలేదు. చోటు తప్పుపట్టినా నెత్తురు వచ్చే దారి కట్టాడు కాబట్టి వైద్యం పారింది. ఇప్పుడు స్కానింగులన్నీ ఉన్నా మొదటి చూపులో పడే పొరపాటు ఆనాటిదే, కంటిలో కనిపిస్తోంది కాబట్టి కంటి జబ్బే అనుకోవడం.

కంటి ఒత్తిడి లెక్క

చూపుకు జరిగే నష్టంలో పెద్ద వాటా ఒక చిన్న కూడికలో ఉంది. కంటి లోపల పారదర్శకమైన నీరు నిత్యం ఊరుతూ ఉంటుంది. అది నల్లగుడ్డు, కనుపాప (ఐరిస్) కలిసే మూలలో ఉన్న జల్లెడలాంటి కణజాలంలోంచి వడకట్టుకుని, ష్లెమ్ కాలువలోకి చేరి, అక్కణ్నుంచి తెల్లగుడ్డు మీది సన్నటి సిరల్లో కలుస్తుంది. ఆ సిరల్లో ఒత్తిడి మామూలుగా 8 నుంచి 10 మిల్లీమీటర్ల పాదరసం. జల్లెడ దాటడానికి నీటికి మరికొన్ని మిల్లీమీటర్లు కావాలి. రెండూ కలిపితే కంటి ఒత్తిడి 15, 16 దగ్గర నిలుస్తుంది; 21 దాకా మామూలు కిందే లెక్క. గోల్డ్‌మన్ సమీకరణం చెప్పేది ఇంతే: సిర ఒత్తిడికి జల్లెడ అడ్డు కలిపితే వచ్చేది కంటి ఒత్తిడి.

ఇప్పుడు ఆ సిరలోకి ధమని నెత్తురు వచ్చిపడితే ఏమవుతుంది? సిర ఒత్తిడి ఎంత పెరిగితే కంటి ఒత్తిడి దాదాపు అంతా పెరుగుతుంది. 9 ఉండాల్సిన సిర 24కు చేరిందనుకుందాం. జల్లెడ ఎంత బాగున్నా కంటి ఒత్తిడి 30 చుట్టుపక్కలకు వెళ్తుంది. జల్లెడలో తప్పేమీ లేదు. వీధి తూము పొంగుతుంటే ఇంటి నీళ్ళు వెనక్కి నిలబడ్డట్టు. నీటి ఊటను తగ్గించే టిమొలాల్, డోర్జొలమైడ్ లాంటి చుక్కలు కొంత సాయం చేస్తాయి గానీ, సిర ఒత్తిడి దిగనంత కాలం అవి తేగలిగిన తగ్గుదలకు ఒక హద్దు ఉంది. గ్లకోమా (నీటికాసులు) మందులు మూడు రకాలు వేస్తున్నా ఒక కంటి ఒత్తిడి మాత్రం దిగడం లేదంటే, నాలుగో మందు రాసే ముందు ఆ కంటి తెల్లగుడ్డును వెలుతురులో నిదానంగా చూడటం మంచిది.

చూసే కన్ను ఉంటే ఇంకా ఆనవాళ్ళు దొరుకుతాయి. ఒత్తిడి కొలిచే పరికరంలో కనిపించే రెండు పచ్చటి అర్ధచంద్రాకారాలు మామూలుగా కొద్దిగా వణుకుతాయి. ఈ జబ్బులో అవి నాడితో పాటు బాగా ఊగుతాయి. మూలను చూసే అద్దం పెట్టి చూస్తే, నీరు మాత్రమే ఉండాల్సిన ష్లెమ్ కాలువలో నెత్తురు ఎర్రటి గీతలా కనిపించవచ్చు. సిర ఒత్తిడి కంటి ఒత్తిడిని దాటి వెనక్కి నెట్టిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. ఆ మూల తెరుచుకునే ఉంటుంది కాబట్టి, తొందరగా చూసేవాళ్ళకు ఇది మామూలు నీటికాసుల జబ్బులాగే కనిపిస్తుంది. కాకపోతే మామూలు నీటికాసులు కొంచెం ఎచ్చుతగ్గులుగానైనా రెండు కళ్ళకూ వస్తాయి. ఇది తరచు ఒక్క కంటిదే.

ఒత్తిడి పెరిగేందుకు మరో రెండు దారులున్నాయి, అవి ఇంకా చెడ్డవి. రెటీనా వెనక ఉండే నాళాల పొర నెత్తురు దిగక ఉబ్బి, నీరు చేరి, కటకాన్నీ కనుపాపనూ ముందుకు నెట్టేస్తే మూల పూర్తిగా మూసుకుపోతుంది. గంటల్లో కంటి నొప్పి, వాంతులు. ఇక నెత్తురు అందక నెలల పాటు అలమటించిన కంటిలో కనుపాప మీద కొత్త నాళాలు పుట్టి జల్లెడనే కప్పేస్తాయి. అది అదుపు చేయడానికి కష్టమైన గ్లకోమా.

రెటీనా సంగతి. కంటిలోకి నెత్తురు రావాలంటే ధమనికీ సిరకూ మధ్య ఒత్తిడి తేడా ఉండాలి. ఈ జబ్బు ఆ తేడాను అన్ని వైపులనుంచీ కొరికేస్తుంది. చిల్లు ద్వారా నెత్తురు పక్కకు పోతోంది కాబట్టి కంటి ధమనికి జోరు తగ్గుతుంది, సిర ఎదురు నెడుతుంది, కంటి ఒత్తిడి పైనుంచి నొక్కుతుంది. ఫలితంగా రెటీనా సిరలు ఉబ్బుతాయి, అక్కడక్కడా నెత్తురు మరకలు పడతాయి, కంటి నరం మొదలు వాస్తుంది. కొందరిలో రెటీనా ప్రధాన సిరే పూడుకుపోతుంది. రోగికి తెలిసేది ఒక్కటే, చూపు మసకబారింది. కొందరిలో తీవ్రమైన దెబ్బ తగిలినప్పుడే కంటి నరం కూడా నలిగి ఉంటుంది. అలాంటివాళ్ళలో ఫిస్టులా మూసినా చూపు తిరిగి రాకపోవచ్చు. ఏ నష్టం దేనివల్లో మొదటి రోజే రాసిపెట్టుకోకపోతే తర్వాత విడదీయడం కష్టం.

ఒకటి రెండుగా కనిపించడానికి కారణం వేరు. కంటిని కదిలించే మూడు నరాలూ కేవర్నస్ సైనస్ గుండానే పోతాయి. రెండు నరాలు గది పక్క గోడలో అణిగి ఉంటాయి. ఆరో నరం (మెదడు నుంచి వచ్చే నరాల వరుసలో ఆరోది) మాత్రం గది లోపలే, ధమనిని ఆనుకుని, ఏ మరుగూ లేకుండా సాగుతుంది. గదిలో ఒత్తిడి పెరిగితే ముందు దెబ్బ తినేది సహజంగా అదే. కన్ను బయటి వైపు తిరగదు; పక్కకు చూసేసరికి ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. ఉబ్బిన కంటి కండరాలు కూడా కదలికకు అడ్డం వస్తాయి. కన్ను పొడుచుకొచ్చి రెప్పలు పూర్తిగా మూతపడని వాళ్ళలో నల్లగుడ్డు ఎండి పుండు పడే ప్రమాదం వేరే ఉంది. దానికి వైద్యం సులువే, కృత్రిమ కన్నీళ్ళు, రాత్రి లేపనం. కాకపోతే ఐసీయూలో స్పృహ లేని మనిషి కంటికి ఆ లేపనం వేయాలని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి.

ఎరుపు తగ్గితే మంచిదేనా

గదిలోకి దూకిన నెత్తురుకు బయటికి పోవడానికి మూడు దిక్కులున్నాయి. ముందుకు, కంటి సిరల్లోకి. వెనక్కి, పెట్రోసల్ సైనస్‌లలోకి. పైకి, మెదడు ఉపరితలం మీది సిరల్లోకి. ముందుకు వస్తేనే కన్ను ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది.

వెనక్కి సాఫీగా పోతుంటే కన్ను తెల్లగా, చల్లగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. రోగి చెప్పేది కంటి చుట్టూ నొప్పి, వాలిపోయిన రెప్ప, రెండుగా కనిపించడం. ఎరుపు లేదు కాబట్టి ఫిస్టులా ఆలోచనే రాదు. మధుమేహం వల్ల నరం దెబ్బతిందని రాసి పంపేస్తారు.

పైకి పోవడం అన్నిటికన్నా ప్రమాదం. మెదడు మీది పల్చటి సిరలు ఆ ఒత్తిడికి తట్టుకునేవి కావు. చిట్లితే మెదడులో రక్తస్రావం. ఇక్కడే ఎరుపు మోసం చేస్తుంది. ముందు దారిలో గడ్డ కట్టి అది మూసుకుపోయి, నెత్తురంతా పైదారి పట్టిందనుకుందాం. కంటి ఎరుపు తగ్గుతుంది. ఉబ్బు తగ్గుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా అప్పుడే ప్రమాదం పెరిగి ఉండవచ్చు. అందుకే ఈ జబ్బు ఉందని తేలిన మనిషికి కన్ను తెల్లబడిందన్న ఒక్క కారణంతో స్కానింగు మానేయడం తెలివైన పని కాదు.

రెండు పక్కల గదులనూ కలిపే సన్నటి సిరలు కూడా ఉన్నాయి. కాబట్టి కుడిపక్క చిల్లుకు ఎడమ కన్ను ఎర్రబడవచ్చు, రెండు కళ్ళూ ఎర్రబడవచ్చు. రెండు కళ్ళూ పొడుచుకొచ్చి ఎర్రగా ఉంటే ఎవరికైనా ముందు తట్టేది థైరాయిడ్. ఆ పోలిక స్కానింగులోనూ వెంటాడుతుంది, ఎందుకంటే రెంటిలోనూ కంటి కండరాలు లావెక్కుతాయి. థైరాయిడ్‌లో పై రెప్ప పైకి లాక్కుపోయి కన్ను పెద్దగా తెరుచుకున్నట్టు ఉంటుంది. ఇక్కడ రెప్ప వాచి కిందికి వాలడమే ఎక్కువ. అసలు తేడా చూపించేది కంటి పై సిర, అంటే కంటి గూటి పైభాగంలో సాగే పెద్ద సిర. సీటీలో గానీ ఎమ్మారైలో గానీ అది లావుగా, వంకర తిరిగిన గొట్టంలా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కలర్ డాప్లర్‌లో ఆ సిరలో నెత్తురు ఎదురు దిక్కున, నాడి కొట్టుకుంటూ రావడం కూడా చూడొచ్చు. తుది మాట మాత్రం నాళాల్లోకి రంగుమందు ఎక్కించి తీసే డీఎస్ఏ అనే యాంజియోగ్రామ్‌దే. చిల్లు ఎక్కడుంది, ఏ కొమ్మలనుంచి వస్తోంది, ఎటు పోతోంది, మెదడు సిరలకు చేరుతోందా లేదా అన్నవన్నీ దానిలోనే తేలతాయి.

దారి మూయడం

నిదానంగా పారే ఫిస్టులాలు కొన్ని వాటంతటవే గడ్డకట్టి మూసుకుపోతాయి. చూపు బాగుండి, ఒత్తిడి అదుపులో ఉండి, మెదడు సిరల్లోకి నెత్తురు పోవడం లేదని యాంజియోగ్రామ్‌లో తేలితే, కొంతకాలం కనిపెట్టి ఉండటం తప్పు కాదు. ఈ దశలో కొందరికి మెడలో కరోటిడ్‌ను కొన్ని సెకన్ల పాటు నొక్కి వదలడం నేర్పుతారు. అందులో ఒక చమత్కారమైన జాగ్రత్త ఉంది. కుడిపక్క ధమనిని ఎడమ చేత్తోనే నొక్కాలి. ఒకవేళ మెదడు కుడి సగానికి నెత్తురు తగ్గితే ముందు బలహీనపడేది ఎడమ చెయ్యే, అది దానంతటదే జారిపోయి ధమని తెరుచుకుంటుంది. మెడ ధమనిలో కొవ్వు పేరుకున్నవాళ్ళకు ఇది పనికిరాదు. డాక్టరు పరీక్షించి చెప్పకుండా ఎవరూ సొంతంగా చేయకూడనిది.

జోరుగా పారే చిల్లు విషయంలో వేచి చూడటం అరుదు. చూపు తగ్గుతున్నా, కంటి ఒత్తిడి ఎగబాకుతున్నా, ముక్కునుంచి ధారగా నెత్తురు పడినా, మెదడు సిరలు ఉబ్బినా అది ఎమర్జెన్సీ. ట్రావర్స్ కాలం నుంచి చాలాకాలం పాటు ధమనిని కట్టేయడమే వైద్యం. దానివల్ల చిల్లుతో పాటు మెదడుకు పోయే దారి కూడా మూతపడేది. మాస్కోలో ఫ్యోదర్ సెర్బినెంకో అనే న్యూరోసర్జన్ ఆ ముడి విప్పాడు. సన్నటి గొట్టం చివర చిన్న బెలూన్ పెట్టి, ధమనిలోంచి చిల్లుదాకా తీసుకెళ్ళి, ఉబ్బించి, అక్కడే వదిలేసే పద్ధతిని ఆయన 1974లో ప్రచురించాడు. చిల్లు మూతపడింది, ధమని తెరిచే ఉంది. ఇప్పుడు బెలూన్ల స్థానంలో ఎక్కువగా ప్లాటినం కాయిల్స్, గట్టిపడే జిగురు ద్రవాలు, స్టెంట్లు వాడుతున్నారు.

నిదాన రకానికి తరచు సిర వైపునుంచి వెళ్తారు. తొడ సిరలో గొట్టం దూర్చి, గుండె దాటి, మెడ సిర ఎక్కి, పెట్రోసల్ సైనస్‌లోంచి గదిలోకి చేరతారు. ఆ దారి మూసుకుపోయి ఉంటే కంటి డాక్టరు పని పడుతుంది. పై రెప్ప మడతలో చిన్న కోత పెట్టి, ఉబ్బిన కంటి పై సిరను పట్టుకుంటే, అదే గదికి నేరు దారి. నష్టం చేసిన సిరే వైద్యానికి వాకిలి అవుతుంది. ఫిస్టులా తెరిచి ఉండగానే గ్లకోమా ఆపరేషన్‌కు తొందరపడటం మాత్రం ముప్పు. సిరలు నిండి ఉన్న కంటిని కోస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి లోపల నెత్తురు కక్కవచ్చు.

మూసిన తర్వాత కూడా కన్ను ఒకసారి భయపెడుతుంది. కంటి పై సిరలో ఉన్నట్టుండి గడ్డ కట్టడంతో ఎరుపు, ఉబ్బు కొన్ని రోజులు ఇంకా పెరగవచ్చు. వైద్యం చేయని నిదాన రకంలోనూ, ఫిస్టులా దానంతటది మూసుకుపోయేటప్పుడు ఇలాగే అవుతుంది. చాలామందిలో ఇది కోలుకోవడానికి ముందు మెట్టు. కొద్దిమందిలో రెటీనా సిర పూడుకుపోవడానికి మొదలు. చూసి రెంటికీ తేడా చెప్పడం సాధ్యం కాదు. రెప్ప ఎత్తి చూపు, ఒత్తిడి, రెటీనా మూడూ పరీక్షిస్తేనే తెలుస్తుంది.

కోలుకోవడానికి ఒక వరుస ఉంది. ముందు పోయేది హోరు. చిల్లు మూతపడిన క్షణానే ఆగిపోతుంది. తెల్లగుడ్డు వాపు రోజుల్లో దిగుతుంది, కన్ను వెనక్కి సర్దుకోవడానికి, ఒత్తిడి మామూలు కావడానికి వారాలు పట్టవచ్చు. ఆరో నరం అన్నిటికన్నా ఆలస్యం. నెలలు పట్టినా ఆశ వదులుకోనక్కర్లేదు. అంతవరకు ఒక కంటికి అద్దం మీద మసక కాగితం అంటించడమో, ప్రిజమ్ కళ్ళజోడు వాడటమో చేస్తారు. మెల్ల మిగిలిపోయినవాళ్ళకు కండరాల ఆపరేషన్ ఉంది గానీ, కొలతలు దాదాపు ఆరు నెలల పాటు మారకుండా నిలిచేదాకా దాని జోలికి పోరు.